శివరాత్రి జాగారం, రొనాల్డినో బొటనవేలు

మా ఇంట్లో రాత్రి పదింటికి టీవీ బంద్. అది నాన్న పెట్టిన రూలు. చుట్టాలొచ్చినా, ఇండియా మ్యాచ్ ఉన్నా మారేది కాదు. ఏడాదిలో ఒక్క రాత్రి మాత్రం ఆయన రూలు చెల్లేది కాదు, అది శివరాత్రి. ఎంతసేపు మేలుకుంటే అంత పుణ్యమని నాయనమ్మ తేల్చేశాక, "ఇక పడుకో" అనే ధైర్యం ఆయనకెక్కడిది?

2005లో శివరాత్రి మార్చి 8న, మంగళవారం వచ్చింది. అదే రాత్రి లండన్‌లో చెల్సీకి, బార్సిలోనాకి యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ రెండో ఆట. అక్కడ సాయంత్రం పావు తక్కువ ఎనిమిదికి మొదలైతే ఇక్కడ ఒంటిగంటా పావు. వంటింట్లో వేలాడే క్యాలెండర్‌లో ఆ తేదీ కింద ఎర్ర అక్షరాల్లో ‘మహాశివరాత్రి’ అని చూసిన రోజు నాకు పుట్టినంత భక్తి మళ్లీ ఎప్పుడూ పుట్టలేదు.

అప్పుడు నేను ఇంటర్ ఫస్టియర్. మేముండేది మల్కాజిగిరిలో. పరీక్షలు నెత్తిమీదున్నాయి. ఆ మాటకొస్తే ఈ రౌండ్ ఎప్పుడూ పరీక్షల నెత్తిమీదే వచ్చేది. గ్రూపుల్లోంచి 16 జట్లు మిగులుతాయి. వాటిని జతలు కడతారు. ఫిబ్రవరి చివర్లో ఒక ఆట, మార్చిలో ఇంకో ఆట. ఒకటి సొంత ఊళ్లో, ఒకటి అవతలివాళ్ల ఊళ్లో. రెండింటి గోల్స్ కలిపి లెక్కేస్తారు. 2003-04 సీజన్‌కి ముందు ఈ రౌండే లేదు, దీని బదులు రెండోసారి కూడా గ్రూపులే ఉండేవి. అంటే ఈ రౌండ్, నా పరీక్షల కాలం ఒకేసారి మొదలయ్యాయి. మొదటి ఏడు టెన్త్, రెండో ఏడు ఇంటర్. పిల్లల పరీక్షల టైంటేబుల్ చూసుకుని మరీ తేదీలు పెట్టారా అని నాకు చాలాకాలం అనుమానం ఉండేది.

మొదటి ఏడాది, అంటే 2004 మార్చి 9న, మాంచెస్టర్‌లో ఆట చివరి నిమిషంలో పోర్టో జట్టు కోస్టిన్యా గోల్‌తో స్కోరు సమం చేసి యునైటెడ్‌ని ఇంటికి పంపింది. ఆ గోల్ పడగానే నల్ల కోటు వేసుకున్న కోచ్ ఒకాయన గ్రౌండ్ పక్కనే గాల్లో చేతులూపుతూ పరుగెత్తాడు. నేను అది చూడలేదు. పదింటికే టీవీ బంద్ కదా. మర్నాడు సాయంత్రం హైలైట్స్‌లో చూశాను. చూసింది పది సెకన్లే గానీ, ఆ పరుగు వారం రోజులు కళ్లముందు ఆడింది. ఆయనే జోసే మౌరిన్యో. ఆ మేలో పోర్టో కప్పు గెలవడం, ఆయన చెల్సీకి వెళ్లిపోవడం, ఆయన వెనకే నేనూ చెల్సీ పార్టీలో చేరిపోవడం వరసగా జరిగిపోయాయి.

2005 ఫిబ్రవరి 23న బార్సిలోనాలో జరిగిన మొదటి ఆట కూడా నాకు దక్కలేదు. పొద్దున పేపర్లో, స్పోర్ట్స్ పేజీ అడుగున చిన్న వార్త. బార్సిలోనా 2, చెల్సీ 1. చెల్సీ ఆటగాడు ద్రోగ్బాకి రెడ్ కార్డు. ఆ నాలుగు లైన్లే ఎన్నిసార్లు చదివానో. రెండో ఆటకి ఇంకా రెండు వారాలు. కెమిస్ట్రీ రికార్డు వెనక పేజీల్లో లెక్కలు వేసుకున్నాను. రెండు ఆటలూ కలిపి సమానమైతే, అవతలివాళ్ల ఊళ్లో ఎక్కువ గోల్స్ కొట్టినవాళ్లదే గెలుపు. చెల్సీ 1-0తో గెలిచినా చాలు. 2-1 అయితే ఎక్స్‌ట్రా టైమ్. 3-2 అయితే గెలిచినా పోయినట్టే. ఆ మూడో లెక్క వేసేటప్పుడు, ఇట్లా ఎక్కడైనా జరుగుతుందా అని నవ్వుకున్నాను కూడా.

ఇప్పుడు రైల్వే తాత గురించి చెప్పాలి.

మా ఇంటికి రెండిళ్ల అవతల ఉండేవారు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో చేసి రిటైరయ్యారు. కాలనీ మొత్తానికి ఆయన రైల్వే తాతే. క్రికెట్ అంటే పడేది కాదు. "మనిషి రోజంతా నిలబడి ఒక్కసారి బంతి ముట్టుకుంటాడు, అదొక ఆటా?" అనేవారు. ఆయనకి ఫుట్‌బాల్ అంటే హైదరాబాద్, హైదరాబాద్ అంటే ఫుట్‌బాల్. మా తరానికి ఆ మాట జోక్‌లా వినిపించేది. తీరా చూస్తే ఆయన చెప్పిన ప్రతి ముక్కా నిజమే. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు పట్టుకొచ్చింది హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్. దాని కోచ్ రహీం సాబ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియా నాలుగో స్థానంలో నిలిచినా, 1962 జకార్తా ఏషియన్ గేమ్స్‌లో బంగారు పతకం తెచ్చినా, వెనకున్నది ఆ సయ్యద్ అబ్దుల్ రహీమే. ఇవన్నీ తాత సొంత అన్నదమ్ముల పెళ్లిళ్ల గురించి చెప్పినట్టు చెప్పేవారు.

అన్నిటికన్నా ఇష్టంగా చెప్పేది తులసీదాస్ బలరాం గురించి. బొల్లారం లైన్లో మల్కాజిగిరి దాటాక దయానంద్‌నగర్, సఫిల్‌గూడ, రామకృష్ణాపురం, ఆ తర్వాత అమ్ముగూడ. బలరాంది ఆ అమ్ముగూడ. ఆ కుర్రాడు అద్దె సైకిల్ తొక్కుకుంటూ సిటీకి ప్రాక్టీసుకు వచ్చేవాడట. తర్వాత రెండు ఒలింపిక్స్ ఆడాడు. చివర్లో కలకత్తాలో రైల్వే టీమ్‌లో చేరాడు కాబట్టి, తాత దృష్టిలో "మా డిపార్ట్‌మెంట్ మనిషి". "రైలెక్కితే నాలుగు స్టేషన్లు. ఒలింపిక్స్‌కి పోయినోడి ఊరు మనకు నాలుగు స్టేషన్లే" అని నాలుగు వేళ్లు చూపించేవారు.

ఆయనకి ఆయాసం. రాత్రిళ్లు నిద్రపట్టదు. సౌండ్ తీసేసి టీవీ చూస్తూ కూర్చునేవారు. శివరాత్రి ముందురోజు వెళ్లి సంగతి చెబితే, "ఎవరెవరు?" అని అడిగారు. బార్సిలోనాలో రొనాల్డినో ఉన్నాడన్నాను. "ఆ ఎప్పుడూ నవ్వే పిలగాడేనా? రా రా" అన్నారు. 2002 వరల్డ్ కప్‌లో ఇంగ్లండ్ గోలీ నెత్తిమీదుగా కొట్టిన ఫ్రీకిక్ ఆయనకి గుర్తుంది. అట్లా నేను చెల్సీ, తాత బార్సిలోనా.

శివరాత్రి పొద్దున అందరం కీసరగుట్టకి పోయాం. ఆర్టీసీ స్పెషల్ బస్సులు, బస్సుకి రెండింతల జనం. ఆంజనేయుడు కాశీ నుంచి లింగాలు తెచ్చేసరికి ఆలస్యమైందట, అప్పటికే ప్రతిష్ఠ అయిపోయిందని కోపమొచ్చి విసిరేశాడట, అందుకే గుట్టంతా లింగాలు. క్యూలో నిలబడ్డంతసేపు నాయనమ్మ ఆ కథ ఏటా చెప్పేది. ఆ రోజు నేను రామలింగేశ్వరస్వామిని ఏం కోరుకున్నానో ఇప్పుడు ఒప్పుకోవచ్చు. ఇంటర్ మార్కులు కాదు. ఒంటిగంట నుంచి మూడింటి దాకా కరెంట్.

సాయంత్రానికి ఇల్లంతా ఉడికించిన కందగడ్డల వాసన. చిలగడదుంపలంటారు కదా, అవే. ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు. నాయనమ్మ అవి కూడా ముట్టేది కాదు, పచ్చి మంచినీళ్లతోనే ఉపవాసం. పదింటికల్లా కాలనీ ఆడవాళ్లు మా ఇంట్లో చేరారు. టీవీలో పాత భక్తి సినిమా, కింద పిల్లల అష్టాచెమ్మా, గుడి మైకులో భజన. శివరాత్రికి చలి శివ శివా అంటూ పోతుందంటారు గానీ ఆ ఏడు ఇంకా పోలేదు. పన్నెండున్నరకి నేను లేచి స్వెటర్ వేసుకున్నాను. నాన్న తలెత్తి చూశారు. "తాత ఇంట్లో జాగారం" అన్నాను. అది అబద్ధం కాదు కదా.

అనుకోనిదేమిటంటే నాయనమ్మ కూడా లేచింది. "ఈ సినిమా చూస్తుంటే నిద్రొస్తుందిరా, నేనూ వస్త" అని జపమాల పట్టుకుని నా వెంట బయల్దేరింది. ఆట చూడటానికి నాకు దొరికిన తోడు ఒక ఆయాసం తాత, ఒక ఉపవాసం నాయనమ్మ. ఏకాదశి ఇంటికి శివరాత్రి వచ్చిందంటే ఇదే.

రెండు జట్లు వరసలో నిలబడ్డాయి, ఛాంపియన్స్ లీగ్ పాట మొదలైంది. "చర్చి పాట లెక్కుంది" అన్నారు తాత. ఆయన అన్నదాంట్లో తప్పులేదని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. బ్రిటిష్ రాజుల పట్టాభిషేకానికి హాండెల్ కట్టిన బాణీ ఆధారంగా 1992లో టోనీ బ్రిటన్ చేసిన పాట అది. నాయనమ్మకి పాట పట్టలేదు. ఆమె చూపంతా రిఫరీ కొలీనా మీదే. "ఆ గుండాయన తిరుపతి పోయొచ్చిండా?"

ఆట మొదలైన ఎనిమిదో నిమిషంలో గుడ్యాన్సన్ గోల్. 17లో లాంపార్డ్. 19లో డఫ్. ఇరవై నిమిషాలు కాకముందే 3-0! నేను మంచం ఎక్కి దూకాను. మంచం పట్టె కిర్రుమంది. తాత మాట్లాడలేదు, ఇన్‌హేలర్ పీల్చుకున్నారు. 27లో పెనాల్టీ, రొనాల్డినో గోల్. 3-1. ఇప్పటికీ మాదే పైచేయి, కలిపి 4-3.

అప్పుడు కరెంట్ పోయింది.

పొద్దున గుట్టమీద నేను కోరిన ఒకే ఒక్క కోరిక! చీకట్లో ముగ్గురం కూర్చున్నాం. గుడి మైకు కూడా ఆగిపోయింది. భజన చేసేవాళ్లు ఉట్టి గొంతులతో సాగిస్తున్నారు, మేం వింటున్నాం. నాయనమ్మ కూడా వాళ్లతో గొంతు కలిపింది. నేను మాత్రం లండన్‌లో ఒక్కో నిమిషం లెక్కపెట్టుకుంటున్నాను. పది నిమిషాలో, పన్నెండో. కరెంట్ వచ్చింది, టీవీ గుడ్డిగా వెలిగి మెల్లగా తేటపడింది. మూలన అంకెలు 3-2.

ఎవరు కొట్టారు? ఎట్లా కొట్టారు? హాఫ్‌టైమ్‌లో మళ్లీ చూపించినప్పుడు తెలిసింది. పెనాల్టీ బాక్స్ అంచున రొనాల్డినో దగ్గర బంతి. ముందు చెల్సీ డిఫెండర్లు గోడలా నిలబడ్డారు. పరుగులేదు, కాలు వెనక్కి లాగడం లేదు. నడుము రెండుసార్లు అటూ ఇటూ ఆడించాడు. బొటనవేలితో పొడిచాడు. బంతి మూలకి వెళ్లింది. చెల్సీ గోలీ పీటర్ చెక్ అడుగు కూడా కదపలేదు. కదలడానికి అందులో కదలిక కనిపిస్తే కదా!

తాత ముందుకు వంగారు. "మా కాలంలో బొటనవేలితో కొడితే వీపు పగిలేది. చేతగానోడు కొట్టే దెబ్బ అది." కాసేపాగి, "వీడు నిలబడి కొట్టిండురా" అన్నారు. మళ్లీ చూపించారు. "నిలబడి కొట్టిండు" అని మళ్లీ అన్నారు. నేను చెల్సీ మనిషినని ఆ రెండు నిమిషాలు మర్చిపోయాను.

అసలు పేచీ తర్వాత మొదలైంది.

"మూడు-రెండు. అంటే మీవోళ్లే గెలుస్తున్నరు కదా, మొహం అట్ల పెట్టినవేంది?"

"ఈ ఆట గెలుస్తున్నారు తాతా. కానీ ఇట్లనే అయిపోతే ఇంటికి పోయేది మావాళ్లే."

"గెలిచినోడు ఇంటికి పోవుడేందిరా?"

చెప్పాను. మొదటి ఆటతో కలిపితే 4-4. సమానమైతే, అవతలివాళ్ల గ్రౌండ్‌లో ఎవరు ఎక్కువ గోల్స్ కొట్టారో వాళ్లది పైచేయి. బార్సిలోనా ఇక్కడ రెండు కొట్టింది. చెల్సీకి అక్కడ ఒకటే. అదీ బార్సిలోనా ఆటగాడు బెల్లెట్టీ తన గోల్‌లో తానే వేసుకున్నది.

"వాడి గోల్ల వాడే వేసుకున్నది కూడా మీ లెక్కలకే?"

"మా లెక్కలోకే."

తాత కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. రోవర్స్ కప్పులో ఇట్లాంటి తిరకాసులుండేవి కావు, డ్రా అయితే మళ్లీ ఆడేవాళ్లు, అంతే అన్నారు. నేను పేపర్ తెచ్చి గడులు గీశాను. ఒకవైపు ఇంటి గోల్స్, ఒకవైపు బయటి గోల్స్. అక్కడ సెకండ్ హాఫ్ నడుస్తోంది, ఇక్కడ నా ట్యూషన్ నడుస్తోంది. మూడుసార్లు చెప్పాను. మూడుసార్లూ ఆయన "మరి గెలిచినోడు?" దగ్గరే ఆగిపోయారు.

మాల తిప్పుతున్న నాయనమ్మ కళ్లు తెరవకుండానే అంది. "గింత కష్టమేముంది అన్నా? పుట్టింట్ల పదిమంది మెచ్చుకుంటే అదొక మెప్పా? అత్తింట్ల ఒక్కరు మెచ్చుకుంటే, అది మెప్పు."

తాత నా గడుల వైపు చూశారు, నాయనమ్మ వైపు చూశారు. "అట్ల చెప్పాలె గానీ!" అన్నారు. నా పేపర్ మడిచి టీ గ్లాసు కింద పెట్టేశారు.

ఆ రాత్రి నుంచి అది అత్తింటి గోల్. నాకు ఈ రోజుకీ వేరే పేరు నోట్లో తిరగదు.

రొనాల్డినో గోల్ పడిన 38వ నిమిషం నుంచి 76వ నిమిషం దాకా, అంటే సరిగ్గా ఇంకో 38 నిమిషాలు, చెల్సీ గెలుస్తూనే ఓడిపోతూ ఉంది. కెమిస్ట్రీ రికార్డు వెనక నేను నవ్వుకుంటూ వేసిన మూడో లెక్క కళ్లముందే నడుస్తోంది. 76లో డఫ్ కార్నర్, టెర్రీ తల. బంతి అందరి కాళ్ల మధ్యలోంచి లోపలికి. గోలీ వల్డేస్‌ని కార్వాలియో పట్టుకుని ఆపాడని బార్సిలోనావాళ్లు గొడవపెట్టారు. ఆపాడు. చెల్సీ మనిషినైనా నాకు అప్పుడూ అలాగే కనిపించింది, ఇప్పుడూ అలాగే కనిపిస్తుంది. గుండాయన ఈల ఊదలేదు. 4-2. కలిపి 5-4. మౌరిన్యో మళ్లీ చేతులెత్తాడు.

మూడు దాటాక బయటికొచ్చాం. గల్లీలో పిల్లలు వదిలేసిన ప్లాస్టిక్ బంతి ఒకటి పడుంది. తాత దాని ముందు నిలబడి, నడుము అటూ ఇటూ ఆడించి, బొటనవేలితో పొడిచారు. బంతి రెండడుగులు పోయింది. హవాయి చెప్పు మాత్రం ఎగిరి ఎదురింటి గోడ లోపల పడింది. పొద్దున ఎవరికీ తెలియకుండా దాన్ని తెచ్చే పని నాకు పడింది.

అదే రాత్రి మిలాన్ చేతిలో మాంచెస్టర్ యునైటెడ్ పోయిందని, లియోన్ ఏకంగా ఏడు గోల్స్ కొట్టిందని తర్వాత పేపర్లో చదివాను. ఆ ఏడు కప్పు లివర్‌పూల్ గెలిచింది. ఇస్తాంబుల్‌లో మూడు గోల్స్ వెనకబడి గెలిచిన ఆ ఫైనల్‌ని జనం ఇప్పటికీ తలుచుకుంటారు. తలుచుకోనీ. నాకు ఆ మే నెల ఫైనల్స్ ఎప్పుడూ పట్టలేదు. ఫైనల్ అంటే పెళ్లిరోజు. ఈ రౌండ్ అంటే పెళ్లిచూపులు. ఇంకా పదహారు ఇళ్లలో ఆశ ఉంటుంది.

ఉద్యోగాలొచ్చాయి. గచ్చిబౌలిలో నైట్ షిఫ్ట్ చేసే రోజుల్లో పదింటి రూలు గుర్తొస్తే నవ్వొచ్చేది. 2017 మార్చి 8న, మళ్లీ అదే తేదీ చూడండి, బార్సిలోనా పారిస్‌తో ఆడింది. మొదటి ఆట 4-0తో ఓడిపోయి వచ్చింది. ఆఫీసు క్యాంటీన్‌లో ఫోను నీళ్ల సీసాకి ఆనించి చూస్తున్నాం. 3-0 అయ్యాక కవానీ పారిస్ తరఫున ఒకటి కొట్టాడు. పక్కనున్న కొత్త కుర్రాడు "ఇంకా రెండు కొడితే సరిపోతుందిగా" అన్నాడు. "సరిపోదు, అది అత్తింటి గోల్. మూడు కావాలి" అన్నాను. వాడు నన్నోలా చూశాడు. 88వ నిమిషం దాకా స్కోరు కదల్లేదు. అక్కడి నుంచి ఆట ముగిసేలోపు మూడూ పడ్డాయి, 6-1. వెంటనే చెప్పాలనిపించింది. తాత పోయి అప్పటికి నాలుగేళ్లు.

2020లో ఈ రౌండ్ సగంలో ఆగింది. మార్చి 11న లివర్‌పూల్‌లో స్టేడియం కిక్కిరిసి ఉంటే, అదే రాత్రి పారిస్‌లో ఖాళీ కుర్చీల ముందు ఆడారు. మిగిలిన ఆటలు ఆగస్టులో, శ్రావణమాసంలో పూర్తిచేశారు. శ్రావణంలో ఛాంపియన్స్ లీగ్ నాకౌట్ చూడటం సంక్రాంతికి వినాయకుణ్ణి నిమజ్జనం చేసినట్టుంది.

2023 ఫిబ్రవరి 15 రాత్రి డార్ట్‌మండ్‌లో చెల్సీ 1-0తో ఓడింది. అడెయెమీ సగం గ్రౌండ్ పరుగెత్తి, గోలీని కూడా దాటేసి కొట్టాడు. మర్నాడు ఆఫీసులో నిద్రకళ్లతో ఫోను తిప్పుతుంటే వార్త కనిపించింది. కలకత్తాలో బలరాం పోయారని. సాయంత్రం బండి తీసి అమ్ముగూడ వైపు వెళ్లాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు. అక్కడ చేసే పనేం లేదు. స్టేషన్ దగ్గర టీ తాగి వచ్చేశాను.

ఇప్పుడు ఈ రౌండ్ తొలి నాకౌట్ కూడా కాదు. 2024-25 నుంచి 36 జట్లతో ఒకే పెద్ద పట్టిక పెట్టారు. మొదటి ఎనిమిది నేరుగా పదహారులోకి వస్తాయి, 9 నుంచి 24 దాకా ఉన్నవి ముందు ప్లే-ఆఫ్ ఆడాలి. మాంచెస్టర్ సిటీ, రియల్ మాడ్రిడ్ లాంటివి ఫిబ్రవరిలో ఆ గుమ్మంలోనే ఢీకొన్నాయి. చూస్తున్నాను, చూడనని చెప్పను. కానీ పెళ్లిచూపులకి ముందు ఇంకో పెళ్లిచూపులేంటో నాకర్థం కాదు.

2021 జూన్‌లో ఆ అత్తింటి గోల్ నియమాన్ని (ఇంగ్లిష్‌లో away goal) తీసేస్తున్నామని యూరప్ ఫుట్‌బాల్ సంఘం యూఎఫా ప్రకటించింది. ఆ ఆదివారం ఇంటికి వెళ్తే నాయనమ్మ అరుగు మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఎనభై దాటింది, చెవులు సరిగా వినపడవు. గట్టిగా చెప్పాను.

"నాయనమ్మా, అత్తింటి గోల్‌కి ఇకమీదట విలువ లేదంట. తీసేసిన్రు."

ఏ గోల్ అంది. శివరాత్రి, కరెంట్ పోవడం, రైల్వే తాత చెప్పు, అన్నీ గుర్తుచేశాను. చెప్పు దగ్గర నవ్వింది. కాసేపు గింజలు తీసింది.

"మరి ఆ రోజు గెలిచినోళ్లు ఇప్పుడు ఓడినట్టా?"

నేనూ ఆగి లెక్కేశాను. "లేదు నాయనమ్మా. వాళ్లది ఐదు, వీళ్లది నాలుగు. ఎట్ల చూసినా వాళ్లే గెలిచినట్టు."

ఆమె చేతిలో గింజ పక్కన పెట్టి నావైపు చూసింది.

"మరి ఆ ముసలాయనను తెల్లారేదాక ఎందుకు సతాయించినవ్ రా?"